భీమన్న తాగిన ముంత

పోయిన వారం లింబయ్యను ల్యాబు గడపమీద నిలబెట్టి వచ్చాము. చేతిలో చీపురు, గొంతులో ఒక మాట. రెండింటినీ దించే చోటు తెలియక అట్లాగే నిలబడ్డాడు. లోపల కెమిస్టు బ్రహ్మానందం హైదరాబాదు నుంచి వచ్చిన ఉత్తరం చదువుకుంటూ తనలో తనే నవ్వుకుంటున్నాడు.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం వెనక సంగతి నాలుగు ముక్కల్లో చెప్పుకుందాం. సాలూర తోవలో సేఠ్‌గారు పెట్టిన చిన్న చక్కెర మిల్లుంది. లింబయ్య అందులో పద్దెనిమిదేళ్లుగా రసం కాలువలు కడుగుతున్నాడు. చెరుకు రసం పారే చోట ఒక్క పూట చెయ్యి పడకపోతే చాలు, రేకుకు తెల్లటి జిగట పడుతుంది. మిల్లువాళ్లు దాన్ని కప్పగుడ్లంటారు. అది పెరిగితే గొట్టాలు పూడుతాయి, రసం పులుస్తుంది, చక్కెర పలుకు కట్టదు. ఆవిరి గొట్టంతో, సున్నపు నీళ్లతో దాన్ని చంపడమే లింబయ్య కొలువు.

కిందటేడు ఆ మిల్లులోనే అతని కొడుకు భీమన్న రోలర్ల దగ్గరి ఇనుప పలక మీద కాలు జారి పడ్డాడు. చెయ్యి రోలర్ల మధ్యకు పోయింది. నిజామాబాదు దవాఖానకు తీసుకుపోతుంటే జానకంపేట రైలుగేటు దగ్గరే ఒంట్లో రక్తం అయిపోయింది.

ఆ తరువాత కొలువుకు వచ్చినవాడు బ్రహ్మానందం. సాగునీటి కాలువ కింద పొలాలు కొనుక్కొని బోధన్ పక్కన స్థిరపడ్డ కృష్ణా జిల్లా రైతు కొడుకు. అతను లింబయ్యతో ఒక వింత మాట చెప్పాడు. ఈ జిగటను కంటికి కనపడని పురుగు తయారు చేస్తుంది. ఆ జిగురును శుద్ధి చేసి, కొలత ప్రకారం కోసి, ఉప్పునీళ్లలో కలిపి నరానికి ఎక్కిస్తే, పోయిన రక్తం చోట అది నిలబడుతుంది. ఉత్త నీళ్లయితే జారిపోతాయి, ఇది జారదు. ఆ రోజు అదే ఉంటే నీ కొడుకు నిజామాబాదు చేరేవాడు లింబయ్యా, అన్నాడు.

ఆ మాట విన్నప్పటినుంచి లింబయ్య మనసు ఆగమాగం. పగలంతా కాలువల్లో దేన్ని చంపుతున్నాడో, ల్యాబులో దానికే రోజు విడిచి రోజు చక్కెర నీళ్లు పోసి సాకుతున్నాడు. కలకత్తా నుంచి తెప్పించిన ఆ పురుగు మూలమున్న సీసాకు బ్రహ్మానందం తల్లి సీసా అని పేరు పెట్టాడు. అతను హైదరాబాదు పోయిన వారంలో, డ్యూటీ దిగే కూత వినపడగానే లింబయ్య చేతులు అలవాటు కొద్దీ మిగతా గిన్నెలతోపాటు తల్లి సీసాను కూడా ఆవిరి గొట్టం కింద పెట్టేశాయి. తల్లి చచ్చిపోయింది. ఎవరికీ చెప్పకుండా, మూడో రోలరు కింది కాలువ మలుపు నుంచి ఇంత జిగట ముంతలో పట్టుకొచ్చి సీసాలో పోశాడు. రెండు నెలలుగా ఆ మాట కడుపులోనే ఉంది.

ఇక గడప దగ్గరికి వద్దాం.

"లోపలికి రావయ్యా లింబయ్యా! పెళ్లికొచ్చిన మొహమాటపు చుట్టంలాగా అక్కడ నిలబడతావేం?"

"చీపురుంది సారు."

"దాన్ని అవతల పారెయ్యి. ఇటు చూడు. మనం ప్రభుత్వ ల్యాబుకు ఏడు జిగురు మచ్చులు పంపామా? ఆరు చెత్త అని రాశారు. ఏడోది..." బ్రహ్మానందం ఉత్తరాన్ని దీపం ముందు పట్టినట్టు రెండు చేతులా పట్టుకున్నాడు. "ఏడోది ఇంతవరకూ తమ దగ్గరికి వచ్చినవాటిలో ఎన్నదగింది అన్నారయ్యా. కుందేళ్లకు ఎక్కించారట. ఒక్కటీ చావలేదు. అదే తల్లి నుంచి ఇంకా పంపమన్నారు."

లింబయ్య వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాడు. ఐదు మచ్చులు పోయాయి. ఆరోది సారే స్వయంగా హైదరాబాదుకు తీసుకుపోయాడు. సీసా ఉడికింది ఆ వారంలోనే. ఏడోది ఆ తరువాతే.

"ఏడోది... మంచిదంటున్నరా సారు?"

"మంచిదేమిటి, బంగారం!"

"ఆరు మంచియి, ఏడోది చెత్త అని రాసిండ్రేమో. జర మల్ల సూడుండ్రి."

బ్రహ్మానందం గట్టిగా నవ్వాడు. నవ్వు మధ్యలో ఆగిపోయింది. కిటికీ పక్క బల్ల వైపు చూశాడు. అక్కడున్నది కొత్త సీసా. కలకత్తా నుంచి టపాలో తాజా మూలం వచ్చిందని సోమవారం నాడు పాత సీసాను తన చేత్తోనే మోరీలో గుమ్మరించాడు. కడగమని లింబయ్యకు ఇచ్చాడు. ఆ సీసాను అంత శ్రద్ధగా లింబయ్య జన్మలో కడిగి ఉండడు. తన తప్పంతా దానితోనే పోయిందనుకున్నాడు.

"అయ్యో," అని బ్రహ్మానందం స్టూలు మీద కూలబడ్డాడు. కాసేపటికి తనే తేరుకున్నాడు. "పోనీలే. అదీ కలకత్తాదే, ఇదీ కలకత్తాదే. ఒక్క కడుపు పిల్లలే కదా."

లింబయ్య చీపురును గోడకు ఆనించాడు. అది జారి పడింది. మళ్లీ ఆనించాడు.

"ఒక్క కడుపుయి గాదు సారు."

"ఏంటి?"

"మీరు పట్నం పోయినప్పుడు కూత వెట్టింది. గిన్నెలన్ని ఆవిరికి వెట్టిన. గండ్ల మీ తల్లి సీస గూడ పోయింది. నేను వెట్టలేదు సారు. నా చేతులు వెట్టినయి."

బ్రహ్మానందం కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. పెట్టుకోవడం మరిచిపోయాడు.

"మరి నేను వచ్చేసరికి సీసా నిండుగా ఉందే?"

"మూడో రోలరు కింది కాలువ మలుపున్నది సూడుండ్రి, గాడికెల్లి పట్టుకొచ్చి పోసిన."

"మురికి కాలువలోదా!" బ్రహ్మానందం లేచి నిలబడ్డాడు. "మురికి కాలువలోది నా సీసాలో పోసి, నా చేత సంతకం పెట్టించి, ప్రభుత్వం వాళ్లకు పంపించావా? నన్ను ఉద్యోగంలో ఉంచుదామనేనా నీకు?"

"తప్పయింది."

"తప్పు కాదయ్యా! తప్పయితే తిట్టి ఊరుకునేవాణ్ణి. నువ్వు చేసిందే ఒప్పయింది, అదీ నా బాధ!"

ఏడవాలో నవ్వాలో బ్రహ్మానందానికి తెలియలేదు. తిట్టించుకుంటున్నాడో పొగిడించుకుంటున్నాడో లింబయ్యకు తెలియలేదు. అతన్ని రెండు నెలలుగా తొలుస్తున్నది వేరే ఉంది.

"సారు, ఒక్కటి అడుగుత. గది ఎవ్వల నరానికన్న ఎక్కిచ్చిండ్రా? మనుసులకు?"

"లేదు. చెప్పాను కదా, కుందేళ్లకే."

లింబయ్య నేలమీద కూర్చుండిపోయాడు. రెండు నెలల్లో ఒక్క రోజు కూడా అతను నిండా అన్నం తినలేదు. ఎవరి కొడుకో దవాఖానలో పడుకున్నట్టు, వాడి నరంలోకి కాలువ జిగట దిగుతున్నట్టు కళ్లముందు కనపడేది.

బ్రహ్మానందం గొంతు తగ్గించాడు. "ఎక్కించినా పురుగు ఎక్కదయ్యా. తేనె తింటాం, ఈగను తింటామా? అది కట్టిన జిగురే తీసుకుంటాం. లే. లేచి ఆ మలుపు చూపించు."

ఇద్దరూ మూడో రోలరు కింద వంగి చూశారు. లింబయ్య పొద్దున్నే సున్నం కొట్టి పోయిన చోటు. అద్దంలా ఉంది. తన పని మీద తనకు కోపం రావడం లింబయ్యకు అదే మొదటిసారి. "ఇవాళ రేపు ఇక్కడ ముట్టకు" అని చెప్పి బ్రహ్మానందం వెళ్లిపోయాడు. ఆ రెండు రోజులు జిగట పెరుగుతుంటే చూస్తూ ఊరుకోవడానికి లింబయ్య తన చేతులు రెండూ చంకల్లో పెట్టుకు తిరిగాడు.

మూడో రోజుకు కప్పగుడ్లు బాగానే పట్టాయి. తీసి చక్కెర నీళ్లలో వేశారు. ఇంకో రెండు రోజులకు సీసా చిక్కబడింది. బ్రహ్మానందం గ్లాసులో బోధన్ నుంచి తెప్పించిన స్పిరిటు పోసి, సీసాలోని నీళ్లు చుక్కలు చుక్కలుగా అందులో వదిలాడు. జిగురు మంచిదైతే స్పిరిటులో విడిపడి, గాజు కడ్డీకి చుట్టుకొని, పేనిన దారంలా సాగుతుంది. ఏడో మచ్చు అట్లా సాగిందని లింబయ్య కూడా చూశాడు. ఆ దారం తునక ఒకటి ఎండి కాగితం పొట్లంలో ఇంకా ఉంది.

ఇప్పుడు దారం లేదు. విరిగిన పాలలాగా పలుకులు పలుకులుగా అడుగున పడింది.

రెండోసారి చేశాడు. అంతే. కొత్త కలకత్తా సీసా నుంచి చేశాడు. సాగినట్టే సాగి తెగింది.

"లింబయ్యా, అబద్ధం ఎందుకు చెప్పావు?"

"ఏం అబద్ధం సారు?"

"ఇది ఆ జిగురు కాదు. ఎక్కణ్ణుంచి తెచ్చావో నిజం చెప్పు. నేనేమీ అనను."

"గీ మలుపుకెల్లే తెచ్చిన. భీమన్న మీద ఒట్టు."

ఆ ఒట్టు విని బ్రహ్మానందం గ్లాసు బల్లమీద పెట్టాడు. చచ్చిన కొడుకు మీద ఒట్టేసిన మనిషిని ఇంకేం అడుగుతాడు? గది ఆ మూలకూ ఈ మూలకూ నడిచాడు. మిల్లు కాలువ కాదు, కలకత్తా కాదు. ఆకాశం నుంచి ఊడిపడిందా? ఉన్నట్టుండి ఆగాడు.

"దేంట్లో తెచ్చావు?"

"ముంతల."

"ఏ ముంత? ల్యాబుదా?"

"ల్యాబుల ముంతలెక్కడియి సారు? ఇంట్లది. మట్టి ముంత. పొద్దుగాల వచ్చేటప్పుడు గూట్లకెల్లి తీసుకొచ్చిన."

"అందులో అంతకుముందు ఏముండేది?"

లింబయ్య ఆలోచించాడు. "ఏమో సారు. నాకెర్కలేదు. గూట్లుంటది, గంతే."

"ఇంటికి పో. ఉన్నపళంగా పో. ఆ ముంతను కడగొద్దు, తుడవొద్దు, ఎండలో పెట్టొద్దు. ఎట్లా ఉంటే అట్లా పట్టుకురా."

మిల్లు నుంచి ఇల్లు అరకోసు. చెరుకు బండ్లు వరసగా ఎదురొస్తుంటే లింబయ్య గట్టు మీదుగా నడిచాడు. నాగవ్వ ఇంటి ముందు కూర్చుని కందులు చెరుగుతోంది. భర్త ఆ వేళప్పుడు రావడం చూసి చేట కింద పెట్టింది.

"ఏందయ్యా, కొలువు పోయిందా?"

"పోలే. గూట్ల ముంతేది?"

నాగవ్వ మళ్లీ చేట తీసుకుంది. కందులు ఎగరేసింది, పట్టుకుంది.

"నిన్నే. ముంతేదే?"

"ఏ ముంత?"

"గూట్లుండె సూడు. మట్టిది."

"గది భీమన్న ముంత."

లింబయ్యకు అర్థం కాలేదు. నాగవ్వ చేట దించి, తల ఎత్తకుండా చెప్పింది. భీమన్నకు అదే ముంతలో కల్లు తాగడం అలవాటు. పెళ్లప్పుడు కుమ్మరింటి నుంచి జోడు ముంతలు తెచ్చారు, ఒకటి వాడికి, ఒకటి కోడలు తారాబాయికి. వాడు పోయినప్పటినుంచి ప్రతి ఆదివారం నాగవ్వే కల్లు గీసే గౌండ్ల సాయన్న దగ్గర ఇంత ఈతకల్లు అడిగి తెచ్చి, ఆ ముంతలో పోసి, గూట్లో పెట్టి దీపం చూపిస్తోంది. మర్నాడు కల్లు చెట్టు మొదట్లో పోస్తుంది. ముంత మాత్రం కడగదు.

"ఎందుకు కడగవు?"

"వాడి మూతి తాకింది గదా," అంది నాగవ్వ. "కడిగితే పోతదని."

లింబయ్య అరుగు పట్టుకుని కూర్చున్నాడు. ఏడాదిగా ప్రతి ఆదివారం తన ఇంట్లో ఈ పూజ జరుగుతోంది. మిల్లు కాలువలన్నిటిలో ఏముందో చెప్పగలవాడికి తన గూట్లో ఏముందో తెలియదు. కల్లు పులిసి, ఎండి, మళ్లీ తడిసి, మళ్లీ ఎండి, ఆ మట్టి రంధ్రాల్లో ఏది ఇల్లు కట్టుకుందో! తను కాలువ జిగట అందులో పోశాడు. సీసాలో గెలిచింది కాలువది కాదు. ముంతలోది.

"గయితే ఇంట్లనే ఉన్నది నాగవ్వా! మన ఇంట్లనే ఉన్నదే! తే, ముంత తే. సారు అట్లనే తెమ్మన్నడు. హైద్రాబాదోళ్లు దానికోసం ఉత్తరం రాసిండ్రు. గా జిగురుతోని మనుసులు బతుకుతరంట."

నాగవ్వ లేచి లోపలికి పోయింది. ముంత తెచ్చి అతని ఒళ్లో పెట్టింది.

ముంత లోపలా బయటా తెల్లగా మెరుస్తోంది. సున్నం. చేత్తో తడిమితే పొడి అంటింది. కల్లు వాసన లేదు. ఏ వాసనా లేదు.

"నువ్వు తీసుకపోయిన పొద్దుమీకి గిట్లనే తెచ్చి గూట్ల వెట్టినవ్," అంది నాగవ్వ. "ఉడుకునీళ్లు పోసి, సున్నం కొట్టి, కొత్త పెళ్లికూతురు లెక్క చేసి తెచ్చినవ్. రెండొద్దులు ఏడిసిన. గానాటి సంది అండ్ల కల్లు పోయలే. నువ్వు సూడలే."

"నేను కడుగలే."

"మరెవ్వలు కడిగిండ్రు?"

"నాకు యాదికి లేదే. నిజంగ యాదికి లేదు. పోసిన, సీస మూత వెట్టిన, ఇంటికొచ్చిన. గంతే యాదున్నది."

"నీ చేతులకు యాదుంటది. వాటినడుగు."

ఆమె అది దెప్పడానికే అంది. కానీ లింబయ్య నిజంగానే తన చేతులవైపు చూసుకున్నాడు. సున్నం తిని తెల్లబారిన గోళ్లు. ఏడాది కింద ఒకరు ఇదే చేతులవైపు వేలు చూపించారు. ఆ సంగతి గుర్తురాగానే ముంత పక్కన పెట్టేశాడు.

అది భీమన్న పదో రోజు నాటి మాట. మిల్లు తరఫున రాసుకోవడానికి వచ్చినవాళ్లు, పలక మీద ఏముండింది, ఎట్లా జారాడు అని అడిగారు. జిగట మీద జారిండు, అని లింబయ్య చెప్పాడు. తారాబాయి అందరి ముందూ లేచింది. "జిగట గాదు. మామ సున్నపు నీళ్లు కొట్టిండు. మిల్లు నడుస్తుంటనే పలక కడిగిండు," అంది. లింబయ్యకు కడిగినట్టు గుర్తు లేదు. గుర్తు లేనిది జరగలేదనే అనుకున్నాడు. "దాని నోరు మూయుండ్రి" అని అరిచాడు. జిగటైతే ఎవరూ పెట్టింది కాదు, దానంతట అది పట్టింది. నీళ్లయితే లింబయ్య పోసినవి. తారాబాయి ఆ సాయంత్రమే తన బట్టలు, భీమన్న చెప్పు ఒకటి, తన ముంత మూట కట్టుకుని సాలూరలోని తల్లిగారింటికి పోయింది. మళ్లీ ఈ గడప తొక్కలేదు.

"తార దగ్గర ఇంకోటున్నది," అంది నాగవ్వ, అతని మనసులో మాట విన్నట్టు. "జోడు ముంత. అన్నం తినేటప్పుడు ఇద్దరు ఒకల ముంతల ఒకలు పోసుకునేటోళ్లు. నీ ముందట కాదులే, నువ్వు లేనప్పుడు. పీరీల పండుగకు పోయినప్పుడు సూసిన, అది గూడ ఆదివారం కల్లు పోస్తది. అది గూడ కడగదు."

"ఇస్తదా?"

"నన్నడిగితే ఇస్తది. కాని నేను పోను."

"ఎందుకే?"

"రెండు నెల్లసంది నువ్వు అన్నం సగం ఇడిసి లేస్తున్నవ్. ఎందుకని అడిగితే చెప్పవు. ఏడాదిసంది తార పేరెత్తవు. ఎందుకని అడిగితే చెప్పవు. ఈ ఒక్కటన్న నీ కాళ్లతోని నువ్వు పో."

చెరుకు దించిన బండ్లు ఖాళీగా సాలూర దిక్కు మళ్లుతున్నాయి. లింబయ్య ఒక బండి వెనక ఎక్కి కూర్చున్నాడు. బండతను మిల్లు సంగతులు అడిగాడు, తూకం దగ్గర ఆలస్యం గురించి తిట్టాడు, చివరికి "ఏమన్న మాట్లాడు అన్నా, ఎద్దులకు నిద్రొస్తున్నది" అన్నాడు. లింబయ్య చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. ముంత కడిగినట్టు గుర్తు లేదు. కానీ ముంత తెల్లగా ఉంది. పలక కడిగినట్టూ గుర్తు లేదు. ఆ రెండు మాటలూ బండి చక్రాల్లా పక్కపక్కనే తిరుగుతున్నాయి. ఒకటి తిరిగితే రెండోది ఆగదు కదా!

సాలూరలో తారాబాయి వాకిట్లో బట్టలు ఉడకేస్తోంది. పెద్ద గుండిగ కింద మంట. మామను చూసి కర్ర ఆపింది. కొంగు సర్దుకుంది. కాళ్లకు నీళ్లు మాత్రం ఇవ్వలేదు.

"అత్తకు బాగలేదా?" అని అడిగింది.

"బాగనే ఉన్నది బిడ్డా."

"మరి?"

లింబయ్య ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చివర మొదలుపెట్టాడు. కుందేళ్లు బతికాయన్నాడు. తరువాత ఉత్తరం అన్నాడు. తరువాత జిగురు, నరం, జానకంపేట గేటు. తారాబాయి వింటూ మంటలోకి చిదుగులు తోసింది. జానకంపేట పేరు వచ్చినప్పుడు చెయ్యి ఆగింది.

"అంటే గా జిగురు అప్పుడుంటే, వాడు బతికేటోడా?"

"సారు అట్లనే అంటడు."

"ఇగ ముందు గిట్ల పడ్డోళ్లు బతుకుతరా?"

"బతుకుతరంట. గా పురుగు దొరికితే. నా ముంతలది... నేను కడిగిన. చచ్చింది. నీ ముంతలుంటది. పైలం బిడ్డా, దాన్ని కడుగొద్దు. ఉడుకునీళ్లు తాకితే పోతది. లోకంల ఇంకెక్కడ లేదు."

తారాబాయి లేచి లోపలికి పోయింది. చాలాసేపు రాలేదు. లోపల తల్లితో ఏదో మరాఠీలో మాట్లాడింది. వచ్చేటప్పుడు ఒక చేతిలో ముంత ఉంది. నల్లగా, అంచు చుట్టూ ఎండిన కల్లు చారలతో ఉంది. వాకిట్లోకే పులుపు వాసన వచ్చింది. లింబయ్య చేతులు చాచాడు.

ఆమె ముంత ఇవ్వలేదు. రెండో చేతిలోని గుడ్డ మూటను అతని ముందు గడపమీద పెట్టింది. అరచేయి మందాన, బరువుగా ఉంది.

"ఏంది బిడ్డా గిది?"

"వాడి చెప్పు. పడ్డనాడు కాలికున్నది. ఒకటి రోలర్ల పోయింది, ఒకటి నేను తెచ్చుకున్న. గానాటి సంది ఇప్పలే. తుడువలే." తారాబాయి గొంతు పైకి లేవలేదు. "పద్దెనిమిదేండ్లు కడిగినవు గదా మామా. ఏది జిగటనో ఏది సున్నపు నీళ్లో నీకంటె బాగ ఎవ్వలకు ఎరుక? ఇప్పు. అడుగు సూడు. సూసి, నీ నోటితోని చెప్పు. గప్పుడు ముంత తీస్కపో."

"తారా, ముందు ముంత ఇయ్యి బిడ్డా. సారు ఎదురుచూస్తున్నడు. మనుసుల పానాలతోని..."

"వాడు గూడ మనిషే మామా."

లోపలికి తిరిగి, "ఆయీ, గరమ్ పాణీ ఆణ్" అని తల్లిని ఉడుకునీళ్లు తెమ్మంది. ముసలామె బయటికొచ్చి, గుండిగలోంచి చెంబుతో మరిగే నీళ్లు ముంచి కూతురి చేతికి ఇచ్చింది. ఎందుకో ఆమెకు తెలియదు. తారాబాయి ముంతను గడపమీద, మూట పక్కనే పెట్టింది. దాని మీదికి చెంబు ఎత్తి పట్టుకుంది. ఆవిరి ముంత నోటిని తాకుతూ పోతోంది.

"ఇప్పుతవా? పొయ్యాల్నా?"

లింబయ్య మూట వైపు చూశాడు. ఒక్క ముడి. లాగితే వస్తుంది. అడగకుండానే సీసాను ఉడికించిన చేతులు, చెప్పకుండానే ముంతకు సున్నం కొట్టిన చేతులు, ఇప్పుడు కదలమని ఎంత చెప్పినా ఒళ్లోంచి కదలడం లేదు.

చెంబు అంచున ఒక చుక్క నిలిచి, సాగి, కిందికి జారింది.